ట్యాంకు మొదట్లో నిలిచే వాన నీళ్లను ఎలా పంపించాలి

తిరుపతి చుట్టుపక్కల గాజులమండ్యం, రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ ఎటు వెళ్లినా ఫ్యాక్టరీ వెనకవైపు రెండు మూడు స్టీలు ట్యాంకులు కనిపిస్తాయి. ఒకదాంట్లో ఫర్నేస్ ఆయిల్, ఇంకోదాంట్లో డీజిల్, మరోచోట యాసిడ్, పామాయిల్, మొలాసిస్, ఎఫ్లుయెంట్ అనే ఫ్యాక్టరీ వ్యర్థ నీళ్లు ఉంటాయి. మెరిసే పెయింటు, నిచ్చెన, నంబరు అన్నీ బాగుంటాయి, కానీ వంగి మొదట్లో చూస్తే మట్టి, గడ్డి, వారం కిందటి వాన తడి. నవంబరులో రెండు అల్పపీడనాలు వచ్చి వెళ్లాక ఎవరో ఒకరు దాన్ని గమనిస్తారు, వెంటనే మేస్త్రీని పిలిచి ట్యాంకు చుట్టూ సిమెంటు పట్టీ వేయిస్తారు, దాంతో పని అయిపోయిందనుకుంటారు. చాలాచోట్ల అసలు నష్టం ఆ సిమెంటు పట్టీతోనే మొదలవుతుంది. ట్యాంకు అంచు దగ్గర సందు మూసేయాలన్న తొందర కంటే ముందు, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎటు పోవాలి అన్నది తేల్చుకోవాలి. దారి ఏర్పాటు చేయకుండా సందు మూస్తే తడిని లోపల బంధించినట్టే.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే చాలామంది ఈ నీళ్లను తక్కువ అంచనా వేస్తారు. 12 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకు పైకప్పు వైశాల్యం దాదాపు 113 చదరపు మీటర్లు. ఒక రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే ఆ కప్పు మీద పడేది 11,300 లీటర్లు. మన ట్యాంకుల్లో చాలావాటికి కప్పు నీళ్లను పక్కకు తీసుకెళ్లే గొట్టాలుండవు, అంతా గోడ మీదుగా జారి సరిగ్గా అడుగు అంచు మీదే పడుతుంది. ట్యాంకు చుట్టుకొలత 38 మీటర్లు కాబట్టి ఒక్కో మీటరు అంచు మీద 300 లీటర్లు పడుతున్నాయి. వ్యాసం రెట్టింపైతే మీటరు అంచు మీద పడే నీళ్లు కూడా రెట్టింపవుతాయి, కాబట్టి పెద్ద ట్యాంకులకు ఈ బాధ ఇంకా ఎక్కువ. గాలివానలో గోడకు కొట్టే జల్లు ఇందులో కలపలేదు. అగ్నిమాపక స్ప్రింక్లర్లను పరీక్షించే రోజున కూడా ఇదే దారిలో నీళ్లు దిగుతాయి, మండువేసవిలో సైతం.

ఇక ఆ అంచు దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. నిలువు గోడ అడుగు ప్లేటు మీద కూర్చుని ఉంటుంది, అడుగు ప్లేటు గోడ దాటి కొద్దిగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని కింద కాంక్రీటు రింగ్ వాల్, అంటే ట్యాంకును మోసే గుండ్రటి పునాది గోడ. ప్లేటుకీ కాంక్రీటుకీ మధ్య కంటికి ఆనని సన్నని సందు ఉంటుంది. సన్నని సందులోకి నీళ్లు ఎవరూ తోయకుండానే పీల్చుకుపోతాయి, దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు. దానికితోడు ట్యాంకు నింపినప్పుడు, ఖాళీ చేసినప్పుడు ఆ అంచు కొద్దిగా వంగుతుంది, లేస్తుంది. లేచినప్పుడు తడి లోపలికి పోతుంది, మళ్లీ కూర్చున్నప్పుడు అక్కడే ఉండిపోతుంది. బయటి అంచుకు గాలి బాగా తగులుతుంది, నాలుగు వేళ్లు లోపలికి పోతే గాలి తక్కువ, తడి ఎక్కువ. ఒకే ప్లేటు మీద ఈ తేడా ఉంటే గాలి అందని చోట ఇనుమును తుప్పు వేగంగా తినేస్తుంది. పైగా అది కంటికి కనపడని చోటు. బయట పెయింటు చెక్కుచెదరకుండా ఉన్నా కింది నుంచి ప్లేటు పలచబడుతూ ఉంటుంది.

కొత్తగా కట్టేటప్పుడు అడుగు ప్లేటు మందం తక్కువలో తక్కువ 6 మిల్లీమీటర్లు ఉండాలని అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 650 ప్రమాణం చెబుతుంది. నడుస్తున్న ట్యాంకులను పరీక్షించే ఏపీఐ 653 ప్రకారం, లీకును పట్టుకుని ఆపే ఏర్పాటు కింద లేని ట్యాంకుకు వచ్చే తనిఖీ నాటికి కూడా 2.5 మిల్లీమీటర్లు మిగిలి ఉండాలి. గోడ బయటికి పొడుచుకొచ్చిన అంచు మందం కూడా 2.5 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు, వెల్డు అంచు నుంచి ఆ పొడవు కనీసం 9.5 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే 6 నుంచి 2.5 దాకా, చేతిలో ఉన్నది మూడున్నర మిల్లీమీటర్లు మాత్రమే. ట్యాంకు మొత్తం బరువు, లోపలి సరుకు ఒత్తిడి కలిసి వచ్చి పడే మూల అదే. అక్కడ ప్లేటు పోయిందంటే చిన్న మరమ్మతుతో పోదు, ట్యాంకు ఖాళీ చేయాలి, కడగాలి, గ్యాస్ లేదని తేల్చాలి, అప్పుడుగానీ వెల్డర్ లోపల అడుగుపెట్టలేడు.

ఇప్పుడు ఆ సిమెంటు పట్టీ సంగతి. సిమెంటు మసాలా గట్టిది, ట్యాంకు అంచు కదిలేది. తిరుపతి ఎండలో మే నెల మధ్యాహ్నం స్టీలు చేయి పెట్టలేనంత కాలుతుంది, రాత్రికి చల్లారుతుంది, ఆ పెరగడం తరగడం రోజూ జరుగుతుంది. పట్టీ ఒక వేసవిలోనే ప్లేటు నుంచి విడిపోతుంది. విడిపోయిన చోట వెంట్రుక మందం పగులు, ఆ పగులులోంచి దిగిన వాన నీళ్లు మళ్లీ బయటికి రావు, ఎండ తగలదు, గాలి తగలదు. తారు పోసినా ఇంచుమించు ఇదే కథ, కాకపోతే తారు కాస్త ఆలస్యంగా పగులుతుంది. పట్టీని గోడ మీదికి జానెడు ఎత్తు దాకా ఎక్కించి చదునుగా వదిలేసిన పనులు మరీ ఘోరం, పైన నీళ్లు నిలవడానికి అరుగు కట్టి ఇచ్చినట్టవుతుంది, వెల్డును తనిఖీ చేసే వీలు కూడా పోతుంది.

దీనికంటే నెమ్మదిగా వచ్చే సమస్య ఇంకోటి ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. కట్టినప్పుడు ట్యాంకు అడుగు చుట్టుపక్కల నేల కంటే కనీసం 0.3 మీటరు, అంటే అడుగు ఎత్తులో ఉండాలని ఏపీఐ 650 సూచిస్తుంది. డ్రాయింగులో అలాగే ఉంటుంది, కట్టిన రోజున కూడా అలాగే ఉండి ఉంటుంది. తర్వాత ప్రతి వానాకాలం ముందు బురద అవుతోందని ఒక ట్రాక్టరు గ్రావెల్ తోలిస్తారు, పైపులైను వేసినప్పుడు తవ్విన మట్టి అక్కడే సర్దేస్తారు, ఎప్పుడో ఒకసారి పాత నేల మీదే కొత్త కాంక్రీటు పరుస్తారు. పదేళ్లకు నేల అడుగు ఎత్తు పెరుగుతుంది, ట్యాంకు తన బరువుకు తాను కొద్దిగా దిగుతుంది. రెండూ కలిసి ఒకప్పుడు అరుగు మీద కూర్చున్న ట్యాంకు గుంతలో కూర్చున్నట్టు తయారవుతుంది. రింగ్ వాల్‌లో లీకు కనిపెట్టడానికి వదిలిన చిన్న గొట్టాలు ఉంటే, అవి మట్టిలో పూడుకుపోతాయి. లోపలి తడిని బయటికి చూపించాల్సిన గొట్టమే బయటి నీళ్లను ట్యాంకు అడుక్కి మోసుకుపోతుంది. ఈ ప్రాంతంలో చాలాచోట్ల పైన ఎర్రమట్టి, దాని కింద కొద్ది లోతులోనే బండ. వాన గట్టిగా పడితే నీళ్లు ఇంకడానికి చోటుండదు, బండ మీదే పక్కలకు పాకి ఎక్కడ పల్లముంటే అక్కడికి చేరతాయి.

అందుకే బాగుచేయడం మొదలుపెట్టే ముందు ఒక మంచి వానలో గొడుగు వేసుకుని, ఉరుములు మెరుపులు లేని సమయం చూసుకుని, ట్యాంకు చుట్టూ ఒకసారి తిరగడం కంటే మంచి సర్వే లేదు. గోడ మీద ఏ వైపు నీళ్లు ధారగా దిగుతున్నాయి, రింగ్ వాల్ మీద ఏ చోట నిలుస్తున్నాయి, పక్కనున్న రోడ్డు నీళ్లు ఇటు వస్తున్నాయా అన్నది ఫోనులో వీడియో తీసుకుంటే సరిపోతుంది. వాన వెలిశాక ఎక్కడ ఆలస్యంగా ఆరుతుందో చాక్‌పీసుతో గీత గీయాలి. ఆ తర్వాత మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ గొట్టంతోనైనా సరే ట్యాంకు చుట్టూ కనీసం ఎనిమిది చోట్ల అడుగు ప్లేటు మట్టం, దానికి ఎదురుగా మీటరు దూరంలో నేల మట్టం రాసుకోవాలి. ఎనిమిది జతల అంకెలు పక్కపక్కన పెడితే ట్యాంకు ఒక పక్కకు ఒరిగిందా, నేలే పెరిగిందా అన్నది తెలిసిపోతుంది. ఒరిగిన ట్యాంకైతే అది డ్రైనేజీ పని కాదు, నిర్మాణం తెలిసిన ఇంజినీరు చూడాల్సిన పని.

పనిలో మొదటిది నేలను దించడమే. అందరూ అంచు సీలింగుతో మొదలుపెడతారు, అది చివర రావాలి. పేరుకున్న గ్రావెల్, మట్టి తీసేసి రింగ్ వాల్ పై అంచు మళ్లీ బయటపడాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త తప్పనిసరి, రింగ్ వాల్ పునాది కంటే లోతుకు తవ్వకూడదు, చుట్టూ ఒకేసారి తవ్వి వదిలేయకూడదు, వానాకాలంలో అసలు వద్దు. నేల దించాక ట్యాంకు నుంచి బయటికి మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఉండేలా కాంక్రీటు అప్రాన్, అంటే చుట్టూ పరిచే చప్టా, వేయాలి. రింగ్ వాల్‌కీ అప్రాన్‌కీ మధ్య కదలడానికి వీలుగా జాయింటు వదిలి దాన్ని సాగే సీలెంటుతో నింపాలి, రెండూ కలిపి పోస్తే ఎటో ఒకటి పగులుతుంది. రింగ్ వాల్ పైభాగం కూడా ప్లేటు అంచు నుంచి బయటికి వాలి ఉండాలి, పాత వాటిల్లో చదునుగానో, ఒక్కోచోట లోపలికి వాలిగానో ఉంటుంది. దాన్ని చెక్కి సరిచేసేటప్పుడు ప్లేటు దగ్గర బ్రేకరు మిషన్ పెట్టకూడదు, మండే సరుకున్న ట్యాంకైతే నిప్పురవ్వ లేచే పనిముట్టు ఏదీ పర్మిట్ లేకుండా డైక్ లోపలికి, అంటే సరుకు కారితే ఆపడానికి ట్యాంకుల చుట్టూ కట్టిన గోడ లోపలికి, రాకూడదు.

అప్రాన్ చివర కాలువ. మూసిన పైపు కంటే తెరిచి ఉన్న కాలువ మేలు, ఎందుకంటే వేపాకు, ఎర్రమట్టి, ప్లాస్టిక్ కవర్లు ఏం పడినా కంటికి కనిపిస్తాయి, పార పెట్టి తీసేయొచ్చు. కాలువ వెళ్లి ఒక సంప్ గుంతలో కలవాలి, గుంత లోతు కాలువ కంటే ఇంకో అడుగు ఎక్కువ ఉండాలి, మట్టి అక్కడ దిగిపోవడానికి. అక్కడి నుంచి డైక్ గోడ దాటే పైపు దగ్గరే అందరూ పిసినారితనం చూపిస్తారు. 30 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ఉన్న డైక్ అంటే 750 చదరపు మీటర్లు. గంటకు 60 మిల్లీమీటర్ల జోరులో వాన పడితే సెకనుకు 12.5 లీటర్లు వస్తాయి. నూటికి ఒకటి వాలులో వేసిన నాలుగంగుళాల పైపు నిండుగా పారినా సెకనుకు 5 లీటర్ల చిల్లరే మోస్తుంది, ఆరంగుళాల పైపు 15 దాకా మోస్తుంది. నాలుగుకు బదులు ఆరు వేస్తే అయ్యే అదనపు ఖర్చు ఈ పని మొత్తంలో లెక్కలోకి రాదు.

ఇదంతా అయ్యాక అంచు దగ్గరికి రావాలి. రెండు దారులున్నాయి. గోడ మీద అడుగు ప్లేటుకు కాస్త పైన చుట్టూ వాలుగా ఒక రేకు రింగు బిగించి, పై నుంచి జారే నీళ్లు ప్లేటు అంచు మీద పడకుండా రింగ్ వాల్ బయటికి పడేలా చేయడం ఒకటి. రెండోది, తుప్పు పూర్తిగా గీకి, ఆరబెట్టి, గోడ మీది నుంచి కాంక్రీటు మీదికి వాలుగా సాగే గుణమున్న మెంబ్రేన్ పొర గానీ, మైనం లాంటి జిడ్డు పట్టించిన పెట్రోలేటం టేపు గానీ అంటించడం. తడి మీద అంటించిన టేపు తడిని దాస్తుంది, అంతే. అందుకే ఈ పనికి వేసవి కావాలి. ఉన్న ప్లేటు మందం అల్ట్రాసోనిక్ మీటరుతో కొలిపించి రాసుకున్నాకే కప్పాలి, కప్పేశాక కొలవడం కుదరదు. ఒక్కటే చేయగలిగే బడ్జెట్ ఉంటే మొదటి దారే మంచిది, దాని కింద ఏం జరుగుతోందో ఎప్పుడైనా వంగి చూడొచ్చు. ట్యాంకును పునాదికి బిగించే యాంకర్ బోల్టుల దగ్గరుండే చిన్న పెట్టెల్లో నీళ్లు నిలుస్తుంటే వాటికి విడిగా దారి చూపాలి. వేడి చేసే ట్యాంకులకు, అంటే ఫర్నేస్ ఆయిల్, పామాయిల్ లాంటివాటికి, ఇన్సులేషన్ రేకు నేల దాకా దించేసి ఉంటే నిలిచిన నీళ్లను లోపలి దూది పైకి లాగేస్తుంది, వేడి గోడ మీద ఆ తడి మామూలు కంటే వేగంగా తుప్పు తెస్తుంది, కాబట్టి ఆ అడుగు పట్టీ కోసి పైకి ముగించాలి.

డైక్ వాల్వు విషయానికొస్తే ఇక్కడ రెండు భయాలు ఎదురెదురుగా ఉన్నాయి. వాల్వు తెరిచి వదిలేస్తే ట్యాంకు లీకైన రోజు సరుకంతా వాన కాలువ పట్టుకుని బయటికి పోతుంది. 2009 అక్టోబరు 23న ప్యూర్టోరికోలోని బయమోన్ దగ్గర పెట్రోలు ట్యాంకు పొర్లినప్పుడు తెరిచి ఉన్న డైక్ వాల్వుల గుండా పెట్రోలు దూరంగా పాకి పేలుడు జరిగింది. ఆ తర్వాత సరిగ్గా ఆరు రోజులకు, అక్టోబరు 29న, జైపూర్ దగ్గర సీతాపురలో పెట్రోలు టెర్మినల్ తగలబడింది. అందుకే వాల్వు డైక్ బయట ఉండాలి, మామూలుగా మూసి తాళం వేసి ఉండాలి అన్నది నియమం, అందులో రాజీ లేదు. రెండో వైపు, మూసిన డైక్‌లో నీళ్లు నిలిస్తే ఖాళీ ట్యాంకు తేలుతుంది. 12 మీటర్ల వ్యాసం, 10 మీటర్ల ఎత్తున్న పలచని ట్యాంకు మొత్తం బరువు రమారమి 30 టన్నులు, దాన్ని 113 చదరపు మీటర్లకు పంచితే అడుగు ప్లేటు మట్టం పైన 26 సెంటీమీటర్ల నీళ్లు చాలు, ఖాళీగా ఉంటే కదలడానికి. అంతకంటే ముందే, కింద నీళ్లు చేరితే ఐదు సెంటీమీటర్ల లోపు ఒత్తిడికే 6 మిల్లీమీటర్ల అడుగు ప్లేటు మధ్యలో ఉబ్బుతుంది. నేల పెరిగి ట్యాంకు అడుగుతో సమానమైన చోట, 750 చదరపు మీటర్ల డైక్‌లో 26 సెంటీమీటర్లు నిలవడానికి 225 మిల్లీమీటర్ల వాన సరిపోతుంది. అడుగు ఎత్తు మీదున్న ట్యాంకుకైతే అందుకు రెట్టింపు పైనే కావాలి. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించిన వారం గుర్తున్నవాళ్లకు 225 అనేది దూరపు అంకె అనిపించదు. ఫైబరు ట్యాంకులైతే ఇంకా తేలిక, ఇంకా తొందరగా లేస్తాయి.

ఈ రెండు భయాలకూ ఒకే జవాబు, మనిషి. వాన ఆగాక, పెద్ద వానైతే ఆగకముందే, షిఫ్టు ఇన్‌ఛార్జి సంప్‌లో నీళ్ల మీద నూనె పొర ఉందా అని చూసి, యాసిడ్ దగ్గరైతే పీహెచ్ కాగితం ముంచి చూసి, వాల్వు తెరిచి, నీళ్లు పోయేదాకా అక్కడే ఉండి, మూసి, రిజిస్టరులో టైమ్ రాయాలి. రాత్రి షిఫ్టులో తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలియకపోతే ఈ ఏర్పాటంతా వృథా. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఖాళీ ట్యాంకుల్లో కొంత సరుకో, కుదిరితే నీళ్లో నింపి బరువు పెంచడం కూడా ముందే రాసిపెట్టుకోవాల్సిన పని. యాసిడ్ ట్యాంకులో మాత్రం నీళ్ల మాటే ఎత్తకూడదు. 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను మామూలు స్టీలు తట్టుకుంటుంది, అదే యాసిడ్ కారి వాన నీళ్లతో కలిసి పలచబడితే స్టీలునూ కాంక్రీటునూ కూడా తినేస్తుంది. యాసిడ్ ట్యాంకు మొదట్లో నీళ్లు నిలవడం ప్రమాదమని అనేది అందుకే.

ఈ నీళ్లను ఇంకుడు గుంతకు మళ్లిద్దాం, భూగర్భజలం పెరుగుతుంది అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆఫీసు కప్పు మీది నీళ్లకు అది చాలా మంచి పని. డైక్ లోపలి నీళ్లకు మాత్రం వద్దే వద్దు. నూనె జాడ, యాసిడ్ జాడ ఉన్న నీళ్లు బండ పగుళ్లలోంచి పక్క ఊరి బోరులోకి చేరితే దాన్ని వెనక్కి తీసే దారి లేదు. డైక్ నీళ్లు నూనె వేరుచేసే గుంత దాటి, అవసరమైతే ఎఫ్లుయెంట్ ప్లాంటు మీదుగానే బయటికి పోవాలి.

చేసిన పని నిలవాలంటే సెప్టెంబరు నెలాఖరులోపు ఒక రోజు కేటాయించాలి. కాలువలో మట్టి తీయాలి, రింగ్ వాల్ అంచున గడ్డి పీకాలి, మట్టి డైక్ అయితే పందికొక్కుల బొక్కలు వెతికి పూడ్చాలి, వాల్వు ఒకసారి తిప్పి చూడాలి. ఏడాదంతా తిప్పని వాల్వు అవసరమైన రాత్రి తిరగదు. ట్యాంకు దగ్గర కొత్తగా గ్రావెల్ తోలాలని ఎవరైనా అడిగితే, పాతది తీశాకే కొత్తది అన్న షరతు వర్క్ ఆర్డరులోనే రాయడం మంచిది.

ఎప్పుడైనా అడుగు ప్లేటు మార్చాల్సి వచ్చి ట్యాంకు ఖాళీ చేశారంటే, అది మళ్లీ చాలా ఏళ్లకు గానీ రాని అవకాశం. ట్యాంకును జాకీలతో లేపి కింద శుభ్రమైన, ఉప్పు లేని ఇసుక కొత్తగా పరవాలి. పులికాట్ గాలి తగిలే తడ వైపు యూనిట్లు ఇసుకలో క్లోరైడు పరీక్ష చేయించకుండా ఒప్పుకోకూడదు. రింగ్ వాల్ ఎత్తు పెంచాల్సి ఉంటే అప్పుడే పెంచాలి, లీకు చూపించే గొట్టాలు పూడిపోయి ఉంటే అప్పుడే మార్చి కొత్త నేల మట్టానికి పైన వాటి నోరు పెట్టాలి, మధ్య నుంచి అంచుకు అడుగు ప్లేటు వాలు 120కి ఒకటి ఉందో లేదో వెల్డింగుకు ముందే కొలవాలి.